ఆరవ తరగతి బిడ్డ చెయ్యి విడువకండి

అర్ధవీడు చుట్టుపట్ల, నల్లమల కింది పల్లెలలో, జూన్ నెల వచ్చిందంటే కొత్త సంచులు తగిలించుకొని హైస్కూలుకు బయలుదేరే పిల్లలను మనము చూస్తుంటాము. ఊరిబడిలో ఒకరిద్దరు అయ్యవార్లే అన్నీ చెప్పేవారు. ఇక్కడ ఒక్కో పాఠానికి ఒక్కొక్కరు. హిందీ కొత్తగా మొదలవుతుంది. పక్కన కూర్చునేవారు కొత్తవారు.

బడి మారిన ఆ రోజులలోనే ఒళ్లూ మారుతుంది. సాధారణంగా ఆడపిల్లలలో 8 నుంచి 13 ఏళ్లలోపు, మగపిల్లలలో 9 నుంచి 14 ఏళ్లలోపు ఈ మార్పు మొదలవుతుంది. నిన్నటిదాకా గలగల మాట్లాడిన బిడ్డ ముభావంగా ఉంటుంది. చిన్నమాటకే కోపం వస్తుంది. మనమేమో "పొగరెక్కింది" అంటాము. రెండు భారాలు ఒక్కసారే మీద పడ్డాయని గ్రహించము.

తల్లులారా, బిడ్డ పెద్దమనిషి అయినప్పుడు బంధువులను పిలుస్తాము గాని, అంతకుముందు ఒక్కమాటైనా చెప్పము. రక్తం చూసి, ఏదో జబ్బని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చే పిల్లలున్నారు. అది జబ్బు కాదని ముందే చెప్పండి. ఆ రోజులలో బడి మాన్పించకండి. తండ్రులారా, గొంతు మారి సిగ్గుపడే కొడుకును ఎగతాళి చేయకండి. మీకూ ఆ వయసులో అలాగే అయిందని చెప్పండి.

సంక్రాంతి దాటాక మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లే కుటుంబాలు మనలో ఉన్నాయి. బిడ్డను వెంట తీసుకుపోతే చదువు తెగిపోతుంది. ఒంటరిగా విడిచిపోతే మనసు తెగిపోతుంది. వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్ల ఏర్పాటు ఉన్నది. 2004లో మొదలైన కస్తూరిబా విద్యాలయాలలో ఆడపిల్లలకు ఆరవ తరగతి నుంచే వసతితో కూడిన చదువు ఉన్నది. వెళ్లకముందే ప్రధానోపాధ్యాయులను కలిసి అడగండి. చదువు ఆగిన పిల్లకు పెళ్లిమాటలు మొదలవుతాయి. 18 ఏళ్లలోపు ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరమని మరువవద్దు. అటువంటి కబురు తెలిస్తే 1098కు ఫోను చేయవచ్చు.

పన్నెండేళ్ల యేసు యెరూషలేములో తప్పిపోయినప్పుడు మరియ, యోసేపులు వెనుకకు తిరిగివెళ్లి వెదకారు. ఆయన చెప్పిన మాట వారికి అర్థం కాలేదని లూకా వ్రాశాడు. అర్థం కాకపోయినా ఆయనను వెంటబెట్టుకొనే ఇంటికి వచ్చారు. మనకు కావలసినది అదే.

ఈ రాత్రి అన్నాల దగ్గర మార్కుల సంగతి ఎత్తకండి. "ఈరోజు బడిలో ఏమి జరిగింది నాయనా?" అని అడిగి, చివరిదాకా వినండి.