అన్నీ ఫోన్లోకి వచ్చాయి... మంచినీళ్లు తప్ప!

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో పొద్దున్నే లేపేది కోడి కాదు, మంచినీళ్ల ఆటో హారన్. ఆ మోత వినపడగానే ఖాళీ టిన్నులు పట్టుకుని అందరూ వీధిలోకి వచ్చేస్తారు. ఏలూరుకి దిగువన, కొల్లేరులో ఉన్న చిన్న లంక అది. ఊరి వెనక నీళ్లు, ముందు నీళ్లు, దారికి రెండు పక్కలా నీళ్లు. తాగడానికి మాత్రం 20 లీటర్ల టిన్ను కొనుక్కోవాల్సిందే.

నేనుండేది తాడేపల్లిగూడెంలో. రెండ్రోజులు సెలవు దొరికితే చాలు, లంకకి చెక్కేస్తా. పోయిన వర్షాకాలం అలాగే వెళ్లా. ఆ రాత్రే మా అక్క కొడుక్కి వాంతులు, విరేచనాలు. ఐదేళ్లవాడు, తెల్లారేసరికి తోటకూర కాడలా వేలాడిపోయాడు. ఓఆర్ఎస్ తాగిస్తూ బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ నీళ్లు తాగుతున్నాడమ్మా?"

"టిన్ను నీళ్లేనండి" అంది అక్క, కాస్త గర్వంగానే.

"వాటినెప్పుడైనా టెస్ట్ చేయించారా?"

మా దగ్గర జవాబు లేదు. పిల్లాడు రెండ్రోజుల్లో లేచి ఆటల్లో పడ్డాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ఇన్ని నీళ్లుండీ ఎందుకిలా?

"మా చిన్నప్పుడు దోనెలో పోతూ దాహమేస్తే దోసిలి పట్టి తాగేసేవాళ్లంరా" అంటుంది అమ్మమ్మ. ఇప్పుడా నీళ్లతో కాళ్లు కడగడానికే ఆలోచిస్తున్నాం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మోసుకొచ్చేదంతా చేరేది కొల్లేరులోకే. పై ఊళ్ల మురుగు, పొలాల్లోని మందులు, చేపల చెరువులు ఖాళీ చేసినప్పుడు వదిలే నీళ్లు... అన్నీ ఇక్కడికే. ఇక నీళ్లు సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. పైనుంచి వచ్చే నీళ్లు తగ్గితే ఆ దారినే ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. బోరు వేసినా చాలాచోట్ల ఉప్పే.

అందుకే ఈ ప్రాంతపు ఊళ్లకి కాలువే దిక్కు. కాలువ నీళ్లతో మంచినీళ్ల చెరువు నింపి, వడగట్టి, క్లోరిన్ కలిపి, ట్యాంకు ఎక్కించి కుళాయికి వదులుతారు. ఎండాకాలం కాలువలు కట్టేసేలోపే చెరువు నిండాలి. అది నిండకపోయినా, ఫిల్టర్ బెడ్డు శుభ్రం చేయకపోయినా కుళాయిలో తేడా తెలిసిపోతుంది. రెండుసార్లు రంగు నీళ్లు చూశాక జనం కుళాయిని వదిలేసి టిన్నుని నమ్ముకున్నారు.

ఫోన్ తెచ్చేవి, తేలేనివి

సేవలు అస్సలు రాలేదంటే అబద్ధమే. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర' మొదలైంది. 9552300009 నంబరుకి వాట్సాప్‌లో 'హాయ్' కొడితే సర్టిఫికెట్ దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా పని అయిపోతుంది. అమ్మమ్మ కరెంటు బిల్లు నేను గూడెం నుంచే కట్టేస్తున్నా.

కానీ నీళ్లు, రోడ్డు వాట్సాప్‌లో రావు కదా! 1999లో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్ల కొల్లేరుని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. పక్షులకి అది మంచిదే. అయితే ఆ హద్దుల్లో కొత్త రోడ్డు వేయాలంటే అటవీ అనుమతులు కావాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు చివరికి వచ్చింది కొల్లేరుకే. అలాంటి రోజుల్లో ఊరి గ్రూపులో ఒకటే ప్రశ్న: "పెదఎడ్లగాడి దగ్గర మట్టం ఎంతుంది?" దారి మునిగితే టిన్నుల ఆటో రాదు. 108 కూడా నీళ్ల అవతలే ఆగిపోతుంది.

రెండు సీసాల కథ

నేనేదో హీరోలా ఆన్‌లైన్‌లో టీడీఎస్ మీటర్ తెప్పించా. టిన్ను నీళ్లలో పెడితే అంకె బాగా తక్కువ, కుళాయి నీళ్లలో ఎక్కువ. "చూశారా, టిన్నే మంచిది" అన్నా. ఊళ్లో పరీక్షల కిట్ దగ్గర పెట్టుకున్న డ్వాక్రా అక్క నవ్వింది. "తమ్ముడూ, అది కరిగిన లవణాల్నే లెక్కపెడుతుంది. క్రిములు దానికి కనపడవు."

నిజమే. ప్రమాణాల ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంకె తక్కువున్నంత మాత్రాన బ్యాక్టీరియా లేదని కాదు.

అక్క రెండు చిన్న సీసాలిచ్చింది. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఇంకోదాంట్లో టిన్ను నీళ్లు పోసి కిటికీలో పెట్టాం. నల్లబడితే మురుగు కలిసిందని అనుమానించాలట. ఇంటిల్లిపాదీ పరీక్ష రిజల్ట్స్ కోసం చూసినట్టు చూశాం.

రెండోరోజుకి కుళాయి సీసా అలాగే ఉంది. టిన్ను సీసా నల్లబడింది!

"అయితే ఇన్నాళ్లూ డబ్బులిచ్చి మరీ..." అని అమ్మమ్మ మధ్యలోనే ఆగిపోయింది.

ఒక్క సీసా చూసి ఎవరినీ దొంగ అనలేం. టిన్ను సరిగ్గా కడక్కపోయుండొచ్చు, మూత దగ్గర మా చేతులే తగిలుండొచ్చు. పిల్లాడి జబ్బు దానివల్లే అని కూడా చెప్పలేను. కుళాయి ఎప్పుడూ మంచిదనీ కాదు. కానీ నమ్మకం వేరు, పరీక్ష వేరు అని ఆ రోజు మా అందరికీ తెలిసింది.

మీరూ అడగండి

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు గుర్తుందా? రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. అప్పుడు ఊరంతా నీళ్లలో ఏముందనే అడిగింది. ఆ ప్రశ్న అడగడానికి జనం పడిపోయేదాకా ఆగక్కర్లేదు.

2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకి 55 లీటర్లు ఇస్తే చాలనుకోలేదు, నాణ్యత కూడా ఉండాలంది. అందుకే ఊరికి కనీసం ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, కిట్‌తో పరీక్షించడం నేర్పమంది. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గరుందో సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి. కుళాయి, టిన్ను రెండూ పరీక్ష చేయించి రిజల్ట్ ఫొటో ఊరి గ్రూపులో పెట్టండి. సీసా నల్లబడితే ల్యాబ్‌కి పంపమనండి. అప్పటిదాకా మరిగించి తాగండి.

మా ఊళ్లో ఇప్పుడు ఆటో రాగానే అమ్మమ్మ టిన్ను అందుకోదు. ముందు "కడిగావా నాయనా?" అని అడుగుతుంది. ఆ కుర్రాడు మొదట్లో చిరాకు పడ్డాడు. ఈమధ్య ఆమె ఎదురుగానే కడిగి చూపిస్తున్నాడు.