కొట్టు గదిలో టాకీసు

1932లో ‘భక్త ప్రహ్లాద’తో తెలుగు సినిమాకు మాట వచ్చింది. అప్పటినుంచి సినిమా మంచిదా, చెడ్డదా అనే వాదన మన తెలుగునాట ఆగకుండా సాగుతూనే ఉంది. ఆ వాదన తెలుగు శాఖ మిత్రులకు వదిలేస్తాను. సైన్సు విద్యార్థిగా నా సందేహం వేరు. హాల్లో కనిపించేంత పెద్ద బొమ్మను, వినిపించేంత స్పష్టమైన మాటను ఇంట్లో ఒక మామూలు గదిలోకి, కొద్దిపాటి డబ్బుతో, మన చేతులతోనే తెచ్చుకోగలమా? తెచ్చుకోగలమనే నా నమ్మకం. దానికి ముందుగా కావలసినవి ఒక టేపు, ఒక తెల్లకాగితం, ఇంటర్మీడియట్‌లో చదివి మరచిపోయిన ధ్వనిశాస్త్రం.

ఈ ప్రశ్న ఊసుపోక పుట్టింది కాదు. మాది మిరప, ప్రత్తి పండించే ఇల్లు. వాకిలి పక్కన 16 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల కొట్టు గది ఉంది. ఒకప్పుడు మిరప బస్తాలతో నిండి, తుమ్మకుండా లోపలికి అడుగు పెట్టలేని గది అది. సరుకు కోల్డ్ స్టోరేజీకి పోవడం మొదలయ్యాక ఖాళీగా పడి ఉంది. మా నాయనమ్మకు మోకాళ్ళు సహకరించవు, టౌన్లో హాలు మెట్లెక్కలేదు. చెవి కూడా కొంచెం మందగించింది. “టీవీలో చప్పుడు బాగానే వినపడతందిరా, మాటలే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతన్నాయి” అంటుంది. ఆవిడ కోసం గది అడిగితే నాన్న సరేనన్నారు గాని మూడు షరతులు పెట్టారు. ఖర్చు యాభై వేలు దాటకూడదు. అవసరమైతే ఒక్క పూటలో గది మళ్ళీ బస్తాలకు ఖాళీ కావాలి. ఇంటికి నిప్పు ముప్పు తెచ్చే పని ఏదీ చేయకూడదు. ఈ మూడు షరతులకూ లోబడి నేను వేసుకున్న లెక్కే ఈ వ్యాసం. మీ గది కొలతలు వేరైనా పద్ధతి ఇదే.

మాటలు ఎందుకు కలిసిపోతాయి?

ఖాళీ గదిలో చప్పట్లు కొట్టి చూడండి. చప్పట్లు ఆగినా గది “ఖంయ్” మంటూ కాసేపు మోగుతుంది. సిమెంటు గోడలు ధ్వనిని మింగవు. బంతిని తిప్పి కొట్టినట్టు తిప్పి కొడతాయి. ఒక అక్షరం గదిలో తిరుగుతుండగానే తరువాతి అక్షరం వచ్చి దాని మీద పడుతుంది. సౌండు పెంచితే రెండూ పెరుగుతాయి కనుక ప్రయోజనం లేదు. నాయనమ్మ చెప్పినదాంట్లో సగం చెవి దోషమైతే సగం గది దోషం.

ఈ సంగతిని తొలిసారి కొలిచి చూపినవాడు వాలెస్ సబైన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఫాగ్ మ్యూజియం ఉపన్యాసశాలలో ఎవరేం చెబుతున్నారో వినపడడం లేదని గొడవ వస్తే, దాన్ని సరిచేసే పని ఈ కుర్ర భౌతికశాస్త్ర అధ్యాపకుడి నెత్తిన పడింది. అతని దగ్గర ఉన్న పరికరాలు ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం. రాత్రిపూట పక్కనున్న శాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించి తెచ్చి, పరిచి, ధ్వని ఎంతసేపటికి చచ్చిపోతుందో కొలిచేవాడు. ఖాళీ శాలలో అది దాదాపు ఐదున్నర సెకన్లు. మెత్తలు పెరిగేకొద్దీ తగ్గుతూ వచ్చింది. దాంట్లోంచి వచ్చిన సూత్రం ఇది: గది ఘనపరిమాణాన్ని ఘనపు మీటర్లలో తీసుకుని 0.161తో హెచ్చించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ధ్వని నిలిచే కాలం సెకన్లలో వస్తుంది. ఒక్కో ఉపరితలం వైశాల్యాన్ని అది ధ్వనిని మింగే భాగంతో హెచ్చించి, అన్నిటినీ కూడితే మొత్తం శోషణ.

మా గది ఘనపరిమాణం సుమారు 54.4 ఘనపు మీటర్లు. 0.161తో హెచ్చిస్తే 8.8. గోడలు, నేల, కప్పు కలిపి 88 చదరపు మీటర్లు. సిమెంటు మింగేది నూటికి 3 వంతులనుకుంటే శోషణ 2.6. భాగిస్తే 3.3 సెకన్లు! సినిమా మాట స్పష్టంగా వినపడడానికి ఇంత చిన్న గదిలో 0.4 సెకను ఉంటే చాలు. అంటే శోషణ 22 దాకా పెరగాలి.

ఎలా పెంచాలి? రెండంగుళాల మందం రాక్‌వూల్ పలకలు మాట ఉండే శ్రుతుల్లో నూటికి 85 వంతుల దాకా మింగుతాయి. రాతిపీచు మధ్య గాలి రాపిడికి ధ్వని వేడిగా మారిపోవడమే దీని రహస్యం. 14 చదరపు మీటర్ల పలకలతో 11.9, మడతలు పడిన మందపాటి తెరలు 8 చదరపు మీటర్లతో 4, నేల మీద పరుపులు, దిండ్లతో 2.4, ఐదుగురు మనుషులతో 2, మిగిలిన సిమెంటుతో 1.9. మొత్తం 22.2. లెక్క సరిపోయింది.

రాక్‌వూల్ 4 అడుగులు, 2 అడుగుల పలకలుగా దొరుకుతుంది. మాకు 19 పలకలు కావాలి. చెక్క చట్రంలో పెట్టి, గాలి ఆడే పల్చని కాటన్ గుడ్డ చుట్టి, గోడకు రెండంగుళాల ఎడంగా కొక్కేలకు తగిలిస్తే ఇంకా కింది శ్రుతులను కూడా పట్టుకుంటుంది. కొక్కెం నుంచి తీస్తే గది ఖాళీ. రెండో షరతు నెరవేరినట్టే. పీచు దురద పెడుతుంది కనుక కోసేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగులు తప్పవు.

పలక ఎక్కడ తగిలించాలో అద్దం చెబుతుంది. మీరు చూసేచోట కూర్చోండి. తమ్ముణ్ణి గోడ వెంట అద్దం జరుపుకుంటూ పొమ్మనండి. అద్దంలో స్పీకరు కనబడిన చోట మొదటి పలక పెట్టండి. పతన కోణం, పరావర్తన కోణం సమానమని మనం చదివింది ఇక్కడ పనికొస్తుంది.

కోడిగుడ్ల అట్టలు అంటిస్తే చాలని చాలామంది అంటారు. అవి పల్చని గట్టి అట్టలు. మాటలోని ముఖ్యమైన శ్రుతులను దాదాపు అలాగే వదిలేస్తాయి. థర్మోకోల్‌లోని గాలి గదులు మూసుకుపోయి ఉంటాయి కనుక అదీ మింగదు. పైగా రెండూ ఇట్టే అంటుకుంటాయి.

ఎక్కడ కూర్చోవాలి?

గది కూడా వేణువు లాంటిదే. దానికి సొంత శ్రుతులుంటాయి. ధ్వనివేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే మొదటి శ్రుతి వస్తుంది. మా గదిలో పొడవు వెంట 35, అడ్డంగా 47, నిలువుగా 56 హెర్ట్జులు. పొడవు, వెడల్పు సమానమైతే రెండు శ్రుతులు ఒకచోట కలిసి డప్పులా గుమ్మంటుంది. అందుకని చదరపు గది ఉంటే దాన్ని వదిలి దీర్ఘచతురస్రం గదిని ఎంచుకోండి. గది నట్టనడుమ కూర్చుంటే పొడవు వెంట మొదటి శ్రుతి వినపడకుండా పోతుంది. వెనక గోడకు ఆనుకుంటే అదే శ్రుతి మోత మోగుతుంది. తెర నుంచి 10 అడుగులు, వెనక గోడ నుంచి 6 అడుగులు మాకు కుదిరిన చోటు.

బొమ్మ ఎంత పెద్దది?

పెద్దదైతే మంచిదేగా అనుకుంటాం. బొమ్మ మన కంటి దగ్గర కనీసం 30 డిగ్రీల కోణం చేయాలని సినిమా ఇంజనీర్ల ప్రమాణం. 10 అడుగుల దూరంలో 43 అంగుళాల టీవీ చేసే కోణం 18 డిగ్రీలే. 80 అంగుళాల తెర 32 డిగ్రీలు, 100 అంగుళాల తెర 40 డిగ్రీలు చేస్తాయి.

మరి 100 ఎందుకు వద్దు? వెలుగు సరిపోదు కనుక. చీకటి హాల్లో తెరకు చదరపు అడుగుకు 14 నుంచి 16 ల్యూమెన్లు పడాలి. 80 అంగుళాల తెర వైశాల్యం 19 చదరపు అడుగులు, కావలసింది సుమారు 300 ల్యూమెన్లు. 100 అంగుళాలకు 30 చదరపు అడుగులు, దాదాపు 480 ల్యూమెన్లు. చవక ప్రొజెక్టర్ల పెట్టె మీద వేలకు వేల ల్యూమెన్లు రాస్తారు. మీరు అడగవలసింది ఆన్సి ల్యూమెన్లు ఎన్ని అని. ఆ లెక్కలో చవక యంత్రాలు చాలావరకు కొన్ని వందల దగ్గరే ఆగుతాయి. అలాగే “1920×1080 ఆడుతుంది” అన్న మాట వేరు, యంత్రంలో నిజంగా అన్ని చుక్కలుండడం వేరు. రెండోదే కొనండి.

ప్రొజెక్టరు ఎంత దూరంలో ఉండాలో దాని త్రో నిష్పత్తి చెబుతుంది. అది 1.3 అయితే 5.8 అడుగుల వెడల్పు బొమ్మకు దూరం 7.5 అడుగులు. ముందు ఈ లెక్క వేసి, తరువాత కప్పుకు కొక్కెం కొట్టించండి. వంకరగా పెట్టి యంత్రంలోని దిద్దుబాటుతో సరిచేస్తే కొన్ని చుక్కలు వృథా అవుతాయి.

తెరకు నున్నగా రుద్దిన గోడ మీద మెరుపు లేని తెల్లరంగు చాలు. చుట్టూ నాలుగంగుళాల నల్లగుడ్డ అంచు కట్టండి. అసలు దొంగ పక్క గోడల సున్నం. తెర మీది వెలుగు ఆ తెలుపుకు తగిలి తిరిగి తెర మీద పడి, నలుపును బూడిద రంగు చేస్తుంది. తెర దగ్గరి గోడలకు, కప్పుకు ముదురు రంగు వేస్తే, ఖరీదైన యంత్రం కొన్నంత తేడా కనబడుతుంది.

రెండు స్పీకర్లు చాలునా?

మొదట చాలు. ఐదు నాసిరకం పెట్టెల కన్నా రెండు మంచివి మేలు. చూసేవాళ్ళు, రెండు స్పీకర్లు సమబాహు త్రిభుజం మూలల్లో ఉండాలి. అంటే మధ్యగీతకు ఇరువైపులా 30 డిగ్రీలు. సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకరు చెవి ఎత్తులో ఉండాలి. వాట్లు చూసి మోసపోకండి. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అనగా పది రెట్ల వాట్లు కావాలి. అందుకని పెట్టె మీది సెన్సిటివిటీ అంకె చూడండి. 87 బదులు 90 ఉంటే సగం వాట్లతోనే అంత చప్పుడు వస్తుంది.

వైరుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ. పది మీటర్లు పోయి రావడానికి నిరోధం పావు ఓము లోపు. 8 ఓముల స్పీకరుకు అది లెక్కలోది కాదు. పల్లెటూళ్ళలో వైరుకు శత్రువు ఎలుక. పైపులోనే లాగాలి. వెనక రెండు స్పీకర్లు ఎప్పుడైనా పెట్టుకోవడానికి ఇప్పుడే ఖాళీ పైపులు వేసి ఉంచితే గోడ మళ్ళీ పగలగొట్టనక్కరలేదు.

నిప్పు, గాలి, పొరుగు

2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో స్టేషన్ అనే నైట్ క్లబ్బులో బాణసంచా నిప్పురవ్వలు గోడకు అంటించిన పాలియురెథేన్ ఫోముకు తగిలి 100 మంది చనిపోయారు. ధ్వని కోసం అంటించిన ఫోము అది. 1997లో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు ప్రమాదంలో 59 మంది ప్రాణాలు పోయాయి. పొగ కమ్ముకున్నాక బయటపడే దారి దొరకలేదు. నాన్న మూడో షరతు చాదస్తం కాదని ఈ రెండూ చెబుతున్నాయి. రాతిపీచు అంటుకోదు కనుకనే దాన్ని ఎంచుకున్నాను. తలుపు బయటికి తెరుచుకోవాలి, లోపలినుంచి గొళ్ళెం ఉండకూడదు. త్రీపిన్ సాకెట్‌కు నిజమైన ఎర్త్, 30 మిల్లీ ఆంపియర్లకే ఆగే ఆర్.సి.సి.బి., లో వోల్టేజీకి స్టెబిలైజరు ఉండాలి. ఈ ఒక్క పని సొంతంగా చేయకండి, ఎలక్ట్రీషియన్‌కే వదలండి.

కూర్చున్న మనిషి 100 వాట్ల బల్బంత వేడి ఇస్తాడు. ఐదుగురు, యంత్రాలు కలిస్తే మూసిన గదిలో 750 వాట్ల హీటరు పెట్టినట్టే. వెనకవైపు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పదు.

ఇంకో మాట. లోపలి పలకలు ప్రతిధ్వనిని మింగుతాయి గాని చప్పుడును బయటికి పోకుండా ఆపలేవు. ఆపేది బరువు: తొమ్మిదంగుళాల ఇటుక గోడ, పాత వేపచెక్క తలుపు, సందుల్లో రబ్బరు. 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది దాటాక హద్దు 45 డెసిబెల్స్. చట్టం సంగతి అటుంచి, పక్కింట్లో పరీక్షలకు చదివే పిల్లలుంటారు. మన చెవికీ హద్దుంది. కార్మికుల చెవుల కోసం అమెరికా సంస్థ నియోష్ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది.

ఖర్చు పట్టీ

ప్రొజెక్టరు 17,000, ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు 15,000, పలకలు, గుడ్డ, తెరలు 9,000, వైరింగు, స్టెబిలైజరు, ఫ్యాను 5,000, రంగు, తెర అంచు 2,000, చేతిలో ఉంచుకోవలసింది 2,000. మొత్తం 50,000. పరుపులు ఇంట్లోవే. చట్రాలకు చెక్క పాత మంచాల నుంచి వస్తుంది, కూలి మనదే.

డబ్బు ఒకేసారి లేనివారు వరుస మార్చకండి. ముందు వైరింగు, తరువాత పలకలు, ఆ తరువాత స్పీకర్లు, చివరికి ప్రొజెక్టరు. బొమ్మ యంత్రాలు ఏటేటా మెరుగై చవకవుతున్నాయి. గోడ మీద పెట్టిన రాతిపీచు ఎన్నేళ్ళయినా అలాగే పనిచేస్తుంది. పలకలు తగిలించగానే పాత టీవీయే కొత్తగా వినపడుతుంది.

మన ప్రయోగశాలలో సెకన్లు, హెర్ట్జులు, ఓములు మార్కుల కోసమే ఉన్నట్టు రాసి మరచిపోతుంటాం. అవే అంకెలు ఒక ముసలావిడకు హీరోయిన్ ఏమందో వినిపించగలవంటే, ఆ చదువు మన ఇంటిదాకా వచ్చినట్టే. మిత్రులారా, ఈ సెలవుల్లో మీ ఇంట్లో ఏదైనా ఖాళీ గదిలోకి వెళ్ళి ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. మిగతా లెక్క మీరే వేసుకుంటారు.