బుసబుస పొంగే పానకం... మా అబ్బాయి సైన్సు ప్రాజెక్టు!

పిల్లలకి స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారంటే చాలు, ఇంట్లో అమ్మకి పరీక్ష మొదలైనట్టే! అట్టముక్కలు, జిగురు, రంగు కాగితాలు... అన్నీ రాత్రి తొమ్మిది దాటాకే గుర్తొస్తాయి వాళ్లకి. మాది ఐనవిల్లి. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ఓ సాయంత్రం సంచీ అరుగు మీద పడేసి, "అమ్మా! ఎల్లుండి సైన్సు ఎగ్జిబిషను. నురుగు పొంగే డ్రింకు చేసి, ఎందుకు పొంగిందో చెప్పాలి" అన్నాడు.

"ఓస్, అంతేనా! వంటసోడా, నిమ్మకాయ ఉంటే సరి" అన్నాను. మా అత్తయ్యగారు కూడా, "అజీర్తి చేస్తే మా చిన్నప్పుడు అదేగా తాగేవాళ్లం" అని నవ్వేశారు. కానీ ఆ చిన్న పనిలోనే ఎంత ప్రమాదం దాగుందో ఆ రాత్రే తెలిసింది.

నేను వంటలో ఉండగా వాడు ఖాళీ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, నిమ్మరసం పోసి, రెండు చెంచాల సోడా వేసి, గ్యాసు పోకూడదని మూత గట్టిగా బిగించేశాడు. అది పట్టుకుని ఊపుతూ నాకు చూపించడానికొచ్చాడు. సీసా రాయిలా బిగిసిపోయింది. "మూత తియ్యకు నాన్నా!" అనేలోపే కాస్త తిప్పాడు. టప్పుమని మూత వెళ్లి దూలానికి తగిలింది! వాడి మొహం ఓ జానెడు పక్కకి ఉంది కనక కన్ను దక్కింది. అదే గాజు సీసా అయితే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

వాణ్ణి తిట్టలేకపోయాను. కుతూహలంతో చేశాడు కదా! పైగా మూత బిగించొద్దని ముందే చెప్పాల్సింది నేనే.

ఇంతకీ ఎందుకు పొంగుతుంది?

వంటసోడా క్షారం. నిమ్మరసంలో సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. రెండూ కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. పావు టీచెంచా సోడా నుంచే సుమారు 300 మిల్లీలీటర్ల వాయువు రాగలదు. అంటే దాదాపు గ్లాసున్నర! దానికి బయటికి పోయే దారి లేకపోతే మూతనో, సీసానో తన్నుకుని వస్తుంది.

ఈ వాయువుని నీళ్లలో కలిపే పద్ధతిని 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పుస్తకంగా రాశాడు. తరవాత వందేళ్లకి, 1872లో, హైరమ్ కాడ్ అనే ఆయన గోలీసోడా సీసాకి పేటెంటు తీసుకున్నాడు. లోపలి వాయువే గోలీని పైకి నెట్టి, మెడ దగ్గరున్న రబ్బరు రింగుకి అదిమి పట్టి ఉంచుతుంది. వేరే మూతతో పనే లేదు! ఆ ఒత్తిడికి ఆగాలనే ఆ సీసా అంత మందంగా ఉంటుంది. మన గోదావరి వాళ్లకి సోడా కొత్తేమీ కాదు. రామచంద్రపురం ఆర్టోస్ డ్రింకు కూడా బ్రిటిషు కాలంలో ఓ సోడా మిషనుతో మొదలైందే కదా!

నురుగు పానకం (రెండు గ్లాసులకి)

కావలసినవి: చల్లని కాచిన నీళ్లు గ్లాసున్నర, బెల్లం తురుము 3 పెద్ద చెంచాలు, పెద్ద నిమ్మకాయ 1, ఏలకుల పొడి, మిరియాల పొడి చిటికెడు చొప్పున, వంటసోడా పావు టీచెంచా.

చేసే విధానం: బెల్లం నీళ్లలో కరిగించి వడకట్టండి. నిమ్మరసం, పొడులు కలపండి. పెద్ద గాజు గ్లాసుల్లో సగం వరకే పోసి, కింద పళ్లెం పెట్టండి. సోడాని రెండు భాగాలు చేసి, గ్లాసుకో భాగం వేసి ఒక్కసారి తిప్పండి. బుస్సుమని నురుగు లేస్తుంది. బెల్లం పాకం వల్ల ఆ నురుగు మామూలు నీళ్లలో కంటే కాసేపు ఎక్కువ నిలుస్తుంది. పొంగు అణిగాక తాగాలి.

గుర్తుంచుకోండి

• ఇంట్లో కలిపి తీసుకెళితే స్కూలు చేరేసరికి చప్పబడిపోతుంది. అలాగని మూత బిగిస్తే పేలుతుంది. పానకం ఒక సీసాలో, సోడా పొట్లంలో విడివిడిగా పంపండి. మాస్టారి ముందే కలపాలి.

• వంటసోడా వేరు, బట్టల సోడా వేరు. బట్టల సోడా నోరు, గొంతు కాల్చేస్తుంది. డబ్బాల మీద పేర్లు రాసి, దాన్ని పిల్లలకి అందకుండా పెట్టండి.

• నీళ్లు చల్లగా ఉండాలి. వేడి నీళ్లలో వాయువు తొందరగా పోతుంది.

• రాగి, ఇత్తడి గిన్నెలు వాడొద్దు. పులుపుకి చిలుము దిగుతుంది. స్టీలు గాని, గాజు గాని మేలు.

• సోడా పెంచితే ఉప్పగా ఉంటుంది. అందులో సోడియం ఉంటుంది కనక రక్తపోటు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు తాగకూడదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకైనా ఇది సరదాకే గాని, రోజూ తాగేది కాదు.

మర్నాడు వాణ్ణి పక్కన కూచోబెట్టుకుని, కొలతతో నాలుగుసార్లు చేయించాను. ఒకసారి సోడా తగ్గించి, ఒకసారి నిమ్మరసం తగ్గించి చూశాం. ఏది ఎంత పొంగిందో స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకున్నాడు. నేను చెప్పింది తక్కువ, వాడు కనిపెట్టింది ఎక్కువ!

ఎగ్జిబిషను పొద్దున్న సిద్ధి వినాయకుడికి దణ్ణం పెట్టుకుని వెళ్లాడు. పరీక్షల ముందు ఆ స్వామి పాదాల దగ్గర పెన్నులు పెట్టించి పిల్లలకి ఇవ్వడం మా ఊరి ఆనవాయితీ. వాడూ ఆ పెన్నుతోనే చార్టు రాశాడు. చార్టు చివర ఎర్ర అక్షరాలతో తనే రాసుకున్న మాట చూసి నాకు కళ్లు చెమర్చాయి: "మూత బిగించకండి. నేను బిగించాను కాబట్టి చెబుతున్నాను."

బహుమతి రాలేదు. అయితేనేం! తప్పు దాచుకోకుండా పదిమందికీ పనికొచ్చేలా చెప్పడం నేర్చుకున్నాడు. మీ పిల్లలు కూడా ఇలాంటి ప్రాజెక్టు తెస్తే, వాళ్ల బదులు మీరు చేసిపెట్టకండి. ఓ అరగంట పక్కన కూచోండి, చాలు.