పాత చీర, నాలుగు మడతలు

బంగ్లాదేశ్‌లోని మత్లబ్ పల్లెలలో నీటికి కొదువ లేదు. తాగదగిన నీటికే కొదువ. చెరువులూ కాలువలూ ఇంటి ముంగిటనే ఉంటాయి. అంట్లు తోమడం, స్నానాలు చేయడం, తాగేందుకు కడవ ముంచుకోవడం, అన్నీ వాటిలోనే. నీటిని కాచి తాగమని సలహా ఇవ్వడం తేలిక. వంటకే కట్టెలు చాలని ఇంట్లో ఆ సలహా ఎవరికి పనికివస్తుంది? గొట్టపుబావులు తవ్వించగా, వాటిలో అనేకం ఆర్సెనిక్ విషం కలిసిన నీటిని ఇస్తున్నాయని 1990ల దశకంలో బయటపడింది.

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు రీటా కోల్వెల్, బంగ్లాదేశ్‌కు చెందిన శాస్త్రజ్ఞుడు అన్వర్ హక్ ప్రభృతులు ఈ చిక్కుముడిని మరొక కొసనుంచి విప్పబూనారు. కలరా సూక్ష్మజీవి నీటిలో విడిగా తిరగడమే కాక, కోపిపాడ్ అనే అతి చిన్న నీటిపురుగును అంటిపెట్టుకొని కూడా జీవిస్తుందని వారికి అప్పటికే తెలుసు. ఒక్కొక్క పురుగు మీద వేలకొద్దీ సూక్ష్మజీవులు చేరవచ్చు. విడి సూక్ష్మజీవి గుడ్డలోనుంచి జారిపోతుంది. దాని వాహనం జారిపోలేదు. కలరా సోకాలంటే సాధారణంగా సూక్ష్మజీవులు పెద్దసంఖ్యలో కడుపులో చేరాలి గనుక, వాహనాన్ని ఆపగలిగితే చాలావరకు రక్షణ దొరికినట్లే.

పానీయాలలోని నలుసులు తీయడానికి చీరతో వడకట్టడం అక్కడి స్త్రీలు ఎరిగినదే. అయితే ఒక్క పొర చాలదు. నాలుగు మడతలు వేసిన పాత నూలుచీర కన్నాలు సుమారు 20 మైక్రోమీటర్లకు, అనగా మిల్లీమీటరులో 50వ వంతుకు, కుదించుకుపోతాయి. కొత్త చీర దీనికి సాటిరాదు. ఉతకగా ఉతకగా దారాలు మెత్తబడి, పోగులు విప్పారి, సందులను పూడ్చివేస్తాయి. చీర పాతబడడం బీద ఇల్లాలికి లాభించే సందర్భం ఇదొక్కటే కాబోలు! పురుగును అంటుకొన్న సూక్ష్మజీవులలో నూటికి 99కి పైగా ఈ మడతలలో చిక్కుకొంటాయని ప్రయోగశాలలో తేలింది.

ప్రయోగశాల వేరు, పల్లె వేరు. మత్లబ్‌లో 65 గ్రామాలకు చెందిన దాదాపు 1,33,000 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి చీర, మరొక వర్గానికి నైలాను వల. మూడవ వర్గం పాత పద్ధతిలోనే నీరు ముంచుకొన్నది. కడవ మూతికి వాసెన కట్టినట్లు గుడ్డ కట్టడం, పని ముగిశాక జాడించి ఎండలో ఆరవేయడం ఇంటింటా నేర్పారు. ఢాకాలోని అతిసార వ్యాధుల పరిశోధన కేంద్రం 1966 నుంచీ ఆ పల్లెల జననమరణాలను నమోదు చేస్తూ వచ్చింది; అటువంటి చోట గనుకనే ఇంత పెద్ద లెక్క సాధ్యపడింది. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. చీర వాడిన పల్లెలలో కలరా నూటికి 48 వంతులు తగ్గింది. నైలాను వల ఫలితం అంతకు కొంచెం తక్కువ.

ఇది సగం మందే. చీర ఆర్సెనిక్‌ను ఆపదు. విడిగా తిరిగే సూక్ష్మజీవినీ ఆపదు. కుళాయి నీరు తాగేవారు సగాన్ని చిన్నచూపు చూడవచ్చు. బిడ్డ ప్రాణం దక్కిన తల్లి చూడదు.

పరిశోధకులు వెళ్ళిపోయాక ఏమైంది? అయిదేళ్ళ తరువాత 7,000కు పైగా స్త్రీలను విచారించగా, నూటికి 31 మంది ఇంకా నీటిని వడకడుతూనే ఉన్నారు. వారి ఇళ్ళలో కలరాతో ఆసుపత్రి పాలైనవారు తక్కువే. అయితే ఆ తేడా గణాంకశాస్త్రం నిశ్చయంగా అంగీకరించేంతటిది కాదు. 2010లో వెలువడిన ఆ నివేదికలో ఎవరూ ఎదురుచూడని విశేషం మరొకటి ఉంది. తాము వడకట్టకపోయినా, వడకట్టే ఇళ్ళ నడుమ కాపురమున్నవారిలో కూడా కలరా తక్కువగానే కనిపించింది.