వారానికొక మాత్ర: రోజూ వేస్తే ముప్పు
కీళ్లవాతం మందుల దుష్ఫలితాలపై అప్రమత్తత అవసరం

రాయ్‌పూర్: రుమటాయిడ్ కీళ్లవాతానికి ప్రపంచమంతటా తొలి ఔషధంగా వాడుతున్న మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజు మాత్రమే వేసుకోవలసి ఉంటుంది. అదే మోతాదును పొరపాటున ప్రతిరోజూ వేసుకుంటే కొద్ది రోజులలోనే ఎముకమజ్జ దెబ్బతిని ప్రాణాపాయం ఏర్పడవచ్చు. ఇటువంటి పొరపాట్లు అనేక దేశాలలో మరణాలకు దారితీసిన నేపథ్యంలో, 2019లో ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ మందు పెట్టెలపై ప్రత్యేక హెచ్చరికలను ముద్రించాలని నిర్దేశించింది.

రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారం పేరిట వెలసిన రాయ్‌పూర్‌లోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ వంటి చోట్ల ఈ హెచ్చరికకు ప్రాధాన్యం మరింత ఎక్కువ. రాయ్‌పూర్-విజయనగరం రైలుమార్గం 1931లో పూర్తయింది. రైల్వే కొలువుల కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి తరలివెళ్లిన కుటుంబాలు ఈ కాలనీలో తరతరాలుగా నివసిస్తున్నాయి. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంటుంది. దుకాణదారు హిందీలో చెబుతాడు. ఇంట్లోని పెద్దలకు బాగా అర్థమయ్యేది తెలుగు. ‘వారానికొకసారి’ అన్న ఒక్క మాట ఈ మూడు భాషల నడుమ జారిపోతే ఫలితం తీవ్రంగా ఉంటుంది.

తెలుగువాని పరిశోధన

ఈ ఔషధ చరిత్రలో తెలుగువారి పాత్ర ఉండడం విశేషం. 1895లో భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేశారు. అనంతరం ఆ విటమిన్ పనిని అడ్డుకునే మందులను కూడా అక్కడే రూపొందించారు. మెథోట్రెక్సేట్ వాటిలో ఒకటి. మొదట రక్త క్యాన్సర్‌కు ఉద్దేశించిన ఈ మందును కీళ్లవాతానికి వాడేందుకు 1988లో అమెరికా ప్రభుత్వం అనుమతించింది.

దీని మేలుకు, కీడుకు మూలం ఒక్కటే. కణాలు వృద్ధి చెందేందుకు ఫోలిక్ యాసిడ్ అవసరం. దానిని అడ్డుకోవడం వల్ల నోటిపూత, వికారం, జుట్టు రాలడం, రక్తకణాల తగ్గుదల వంటివి కలుగుతాయి. కొందరిలో కాలేయం, అరుదుగా ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందువల్లనే వైద్యులు ఈ మందుతోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలను కూడా రాస్తారు. కొన్ని కంపెనీల తయారీలలో ఈ రెండూ చిన్న పసుపు మాత్రలే కావడం వల్ల ఒకటి బదులు మరొకటి వేసుకునే ప్రమాదమూ ఉంది.

చికిత్స తొలి దశలో రెండు నుంచి నాలుగు వారాలకొకసారి, తరువాత రెండు మూడు నెలలకొకసారి రక్త, కాలేయ, మూత్రపిండ పరీక్షలు జరిపించుకోవాలి. మద్యానికి దూరంగా ఉండాలి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్‌ను దీనితో కలిపి వాడడం ప్రమాదకరం. మందు గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక బిడ్డను కోరుకునే స్త్రీలు ముందుగానే వైద్యునికి తెలియజేయాలి.

ఇతర ఔషధాలు

స్టెరాయిడ్లు త్వరగా ఉపశమనం కలిగిస్తాయి. 1948లో అమెరికాలో కార్టిజోన్‌ను తొలిసారిగా ఇచ్చింది కీళ్లవాతం రోగికే. అయితే దీర్ఘకాలం వాడితే ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం, మధుమేహం, శుక్లాలు వంటివి వస్తాయి. కొన్ని నాటు పొడులలో వీటిని రహస్యంగా కలుపుతున్నట్లు పరీక్షలలో వెల్లడైంది. రెండు రోజులలో నొప్పి మాయం చేస్తామనే మందును అనుమానించక తప్పదు.

నొప్పి మాత్రల వల్ల జీర్ణాశయంలో పుండ్లు, మూత్రపిండాల వ్యాధులు కలుగుతాయి. గుండెపోటు ముప్పు బయటపడడంతో రోఫెకాక్సిబ్‌ను 2004 సెప్టెంబరులో తయారీదారు ప్రపంచవ్యాప్తంగా ఉపసంహరించగా, అదే ఏడాది భారత ప్రభుత్వమూ నిషేధించింది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఏళ్ల తరబడి వాడేవారు కంటి రెటీనా పరీక్షలు చేయించుకోవాలి.

ఖరీదైన బయోలాజిక్ ఇంజెక్షన్లలో కొన్ని శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయను తిరిగి రేపుతాయి. ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నందున వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. టోఫాసిటినిబ్ వంటి మాత్రల విషయంలో గుండెజబ్బు, క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం గురించి 2021లో అమెరికా తీవ్ర హెచ్చరిక జారీ చేసింది.

మానేయడమూ ప్రమాదమే

ఇన్ని దుష్ఫలితాలున్నాయని భయపడి మందు మానివేయడం పరిష్కారం కాదు. పురుషులకన్నా స్త్రీలకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వచ్చే ఈ వ్యాధికి సరైన చికిత్స లేకపోతే వేళ్లు వంకరపోయి, కీళ్లు శాశ్వతంగా పనికిరాకుండా పోతాయి. సక్రమంగా పరీక్షలు చేయించుకునే రోగులలో అత్యధికులు మెథోట్రెక్సేట్‌ను ఏళ్ల తరబడి క్షేమంగా వాడుకోగలుగుతున్నారు.

మాత్రల పెట్టెపై వేసుకోవలసిన వారం పేరును ఇంట్లోవారికి తెలిసిన భాషలో పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం ఖర్చులేని రక్షణ. నోటిపూత, జ్వరం, గొంతునొప్పి, చర్మంపై కమిలిన మచ్చలు, పొడిదగ్గు, ఆయాసం, కామెర్లు కనిపిస్తే తదుపరి మోతాదు వేసుకోకుండా వెంటనే వైద్యుని సంప్రదించాలి. మోతాదు మించినట్లు త్వరగా గుర్తిస్తే ఫోలినిక్ యాసిడ్ విరుగుడుగా పనిచేస్తుంది. మందుల దుష్ఫలితాలను నమోదు చేసేందుకు 2010లో ప్రారంభమైన జాతీయ ఔషధ భద్రతా కార్యక్రమానికి 1800-180-3024 నంబరుపై రోగులు స్వయంగా ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.