కారు కొనేటప్పుడే అమ్మే రోజు గురించి ఆలోచించాలి

దుబాయ్‌లో లైసెన్స్ చేతికి రాగానే మన కుర్రాళ్ల మనసు పాత సివిక్ మీదో, గోల్ఫ్ జీటీఐ మీదో పడుతుంది. తప్పేం లేదు. నేనూ సైటు సూపర్‌వైజర్‌నే, అలాంటి బండే ఒకటి చూస్తున్నాను. బేరానికి ముందు కొన్ని చూసుకోవాలి.

గల్ఫ్ ఎండకు తగ్గట్టు తయారైన 'జీసీసీ' బండేనా? అమెరికాలో యాక్సిడెంటై, ఇక్కడికొచ్చి రంగు పూసుకున్నవీ అమ్మకానికి ఉంటాయి. టైరు మీద 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఐదేళ్లు దాటిన టైర్లు యూఏఈలో చెల్లవు. పాత ఓనరు బ్యాంకు లోను, ఫైన్లు తీరందే ముల్కియా మన పేరుకి మారదు. జోరుగా తోలిన బండికి క్లచ్, బ్రేకులు తొందరగా అరుగుతాయి. మనకు తెలిసిన మెకానిక్‌కే చూపించాలి.

అసలు సంగతి వేరే ఉంది. ఉద్యోగం పోతే వీసా పోతుంది. బండిని ఊరికి తీసుకెళ్దామంటే, ఎడమ స్టీరింగ్ ఉన్న పాత కార్లను ఇండియాలోకి రానివ్వరు. గడువులోగా వచ్చినకాడికి అమ్ముకోవాల్సిందే. అందుకే అప్పు చేసి కొనొద్దన్నలూ. రేపే సగం ధరకు అమ్మాల్సి వచ్చినా ఊళ్లో పిల్లల ఫీజు ఆగదనుకుంటేనే బయానా ఇవ్వండి. లేదంటే ఇంకో ఏడాది కంపెనీ బస్సే మేలు.