బొమ్మ ఎక్కడ ఆగింది?

పిల్లలూ! ముక్త్యాల రేవులో నిలబడి, కృష్ణలో పోతున్న పడవను ఫోనుతో వీడియో తీశారనుకోండి. ఇంటికి వచ్చి, టి.వి.కి తగిలించిన పాత కంప్యూటరులో వేశారు. ఫోనులో చక్కగా సాగిన పడవ ఇక్కడ ఆగి ఆగి గెంతుతున్నది. పడవవాడి కేక ముందు, బొమ్మ వెనుక! "దీని పని అయిపోయింది, కొత్తది కొనాలి" అంటారు ఇంట్లోవాళ్ళు. తొందరపడకండి. వేల రూపాయలు ఖర్చు పెట్టేముందు, వీడియో తెరమీదికి ఎలా వస్తుందో తెలుసుకుందాం.

మొదట ఒక లెక్క. 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు గల ఒక్క బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క రంగును రాయడానికి 3 బైట్లు కావాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. గుణించి చూడండి: సెకనుకు దాదాపు 15 కోట్ల బైట్లు! రెండున్నర గంటల సినిమాకు లక్ష కోట్లు దాటిపోతాయి. అందుకే వీడియోను నొక్కి చిన్నది చేస్తారు. మన మెట్ట పొలాల పత్తిని మిల్లులో నొక్కి బేళ్ళు కట్టినట్లన్నమాట.

ఎలా నొక్కుతారు? రేవు మెట్లు కదలవు, గట్టు కదలదు. కదిలేది పడవ, నీళ్ళు. కాబట్టి ఒక బొమ్మను పూర్తిగా రాసి, తరువాతి బొమ్మల్లో మారిన భాగాన్నే రాస్తారు. కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేస్తారు. బేలు విప్పితే పత్తి అంతా తిరిగి వస్తుంది గాని, ఇక్కడ వదిలేసినది తిరిగి రాదు సుమా! 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.ఇ.వి.సి. ఇలాంటి పద్ధతులే. రెండవది మరింత గట్టిగా నొక్కుతుంది. విప్పేటప్పుడు ఎక్కువ లెక్కలు చేయాలి.

ఈ విప్పే పనిలో ముగ్గురు పనివాళ్ళున్నారు. ముగ్గురూ సాఫ్ట్‌వేర్ భాగాలే.

మొదటివాడు స్ప్లిట్టర్. ఎం.పి.4, ఎం.కె.వి. అనేవి పెట్టెల పేర్లు. ఆ పెట్టె తెరిచి బొమ్మలను, ధ్వనిని, కింద వచ్చే అక్షరాలను వేరుచేసేది ఇతడే.

రెండవవాడు డీకోడర్. నొక్కిన బేలును విప్పుతాడు. బొమ్మకు ఒకడు, ధ్వనికి మరొకడు ఉంటారు.

మూడవవాడు రెండరర్. విప్పిన బొమ్మలను వేళకు, సరైన కొలతలో తెరమీద పెడతాడు.

ఇప్పుడు జబ్బును చూసి, తప్పు ఎవరిదో చెప్పవచ్చు. బొమ్మ వచ్చి మాట రాకపోతే ధ్వని డీకోడర్‌ను అనుమానించండి. 1957 నాటి "మాయాబజార్" తెర 4:3కు దగ్గరగా ఉంటుంది. నేటి టి.వి. 16:9. దాన్ని తెర నిండా సాగదీస్తే ఘటోత్కచుడు మూడోవంతు లావెక్కుతాడు! అది రెండరర్ అమరికలో పొరపాటు. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు, తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర. అరసారి చూపడం కుదరదు గదా! ఒక బొమ్మను 2 సార్లు, తరువాతి దాన్ని 3 సార్లు చూపుతారు. అందువల్ల కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో చిన్న కుదుపు కనిపిస్తుంది. టి.వి.కి వీలుంటే తెర వేగాన్ని 24కు మార్చితే కుదుపు పోతుంది.

మరి మన పడవ సంగతి? వీడియో నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. ప్రాసెసర్ నూటికి నూరు పాళ్ళు పనిచేస్తూ ఉంటే, డీకోడర్‌కు ఊపిరాడటం లేదన్నమాట. చాలా ఫోన్లు హెచ్.ఇ.వి.సి.లో తీయగలవు. పాత కంప్యూటరులోని గ్రాఫిక్స్ చిప్‌కు అది విప్పడం రాకపోతే, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. చిప్‌కు వస్తే, ప్లేయర్ అమరికల్లో హార్డ్‌వేర్ డీకోడింగ్ పెట్టండి. రాకపోతే వీడియోకు హెచ్.264లో ఒక నకలు తీసుకోండి. ఇకముందు ఫోనునే హెచ్.264లో తీసేటట్లు మార్చండి. కంప్యూటరు కొనవలసిన పని లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకోవాలి? ముగ్గురు పనివాళ్ళనూ తనలోనే ఉంచుకున్నది వి.ఎల్.సి. 1996లో పారిస్ దగ్గర విద్యార్థులు మొదలుపెట్టిన పని అది; 2001 నుంచి అందరికీ స్వేచ్ఛగా అందుతున్నది. చాలా ఇళ్ళకు అదే చాలు. విండోస్‌లో భాగాలను విడివిడిగా ఎంచుకోదలిస్తే లావ్ ఫిల్టర్స్‌లో స్ప్లిట్టర్, డీకోడర్లు రెండూ దొరుకుతాయి. ఊరూ పేరూ తెలియని చోట నుంచి "కోడెక్ మూటలు" మాత్రం దించుకోకండి. వాటితో వైరస్ రావచ్చు. పైగా ఒకే పనికి నలుగురు చేరితే, పని ఎవరు చేస్తున్నారో తేలదు.

చేసి చూడండి: ఒకే పడవను హెచ్.264లో ఒకసారి, హెచ్.ఇ.వి.సి.లో ఒకసారి ఒక్కొక్క నిమిషం తీయండి. ఫైళ్ళ పరిమాణం, ప్రాసెసర్ శ్రమ నోటుపుస్తకంలో రాయండి. చోటు మిగిల్చినది ఏది? శ్రమ పెంచినది ఏది? ఒక్కటి గుర్తుంచుకోండి: ఏ యంత్రం మొరాయించినా, ఒకసారికి ఒక్క భాగాన్నే మార్చి చూడాలి. అప్పుడే కారణం దొరుకుతుంది.